పశువుల ల్యాబ్ డాక్టరు గారు రిటైరవుతుంటే సన్మానం ఎలా చేయాలి

మీ ల్యాబ్‌లో పాథాలజీ చూసే డాక్టరు గారు మరో ఆరు నెలల్లో రిటైరవుతున్నారనుకోండి. సన్మానం చేద్దామని అందరూ తలూపారు. మామూలుగా ఏం జరుగుతుందో మనకు తెలిసిందే: కల్యాణ మండపం, నిలువెత్తు ఫ్లెక్సీ, శాలువా, దండ, గడియారం బిగించిన ఫోటో ఫ్రేము, భోజనం. వీటిలో ఏదీ వద్దని నేననను, భోజనం అసలే వద్దనను. కాకపోతే ఆసుపత్రిలో వైద్యం చేసే డాక్టరు గారికి చేసినట్టే ల్యాబ్ డాక్టరు గారికీ చేసేస్తే, వచ్చినవాళ్లు కడుపు నిండా తిని, ఈవిడ ఇన్నేళ్లు ఏం పని చేశారో తెలియకుండానే బస్సెక్కేస్తారు.

ఆసుపత్రి డాక్టరు గారు అడ్డం తిరిగిన దూడను బయటికి తీస్తే ఆ ఇంట్లో పదేళ్లు చెప్పుకుంటారు. ల్యాబ్‌కి వచ్చేది చచ్చిపోయిన గేదె. లేదా దాని కార్జం ముక్క, స్లైడు మీద ఆరిన రక్తపు చుక్క, థర్మాకోల్ పెట్టెలో నాలుగు కోళ్లు. డాక్టరు గారు జబ్బు పేరు చెప్పడం వల్ల బతికేవి పక్క కొట్టాల్లోని పశువులు. వాటి యజమానులకు ఈవిడ ముఖమైనా తెలియదు. ఆ తెలియనివాళ్లను వెతికి పట్టుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టడమే ఈ సన్మానంలో అసలు పని. మిగతాదంతా టెంటు హౌసు వాళ్లు చూసుకుంటారు.

నేను గోదావరి డెల్టాలోని ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. కణజాలాన్ని మైనంలో పోసి, పొరలుగా కోసి, రంగులద్ది డాక్టరు గారి బల్ల మీద పెట్టడం నా ఉద్యోగం. మా మేడమ్ గారి వీడ్కోలు సభ పనంతా నా నెత్తిన పడింది. అప్పటినుంచి పక్క జిల్లాల వాళ్లు "మీరెలా చేశారండీ" అని ఫోన్లు చేస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసేస్తే పోతుందని కూర్చున్నాను.

ముందు ఆవిడనే అడగండి

సర్‌ప్రైజులు పెట్టకండి. పాథాలజిస్టులు జీవితమంతా సర్‌ప్రైజులు విప్పుకుంటూ గడిపినవాళ్లు, వాళ్లకు అవి సరదా కాదు. నేరుగా వెళ్లి ఏం కావాలి, ఏం వద్దు అని అడగండి. మా మేడమ్ గారు మూడు చెప్పారు. రోడ్డు మీద ఫ్లెక్సీ వద్దన్నారు. ఎవరూ ప్రాణమున్నదేదీ బహుమతిగా తేవద్దన్నారు. మూడోది, వేదిక మీద తన పక్క కుర్చీ మా అటెండరు గారికి వేయాలన్నారు.

రెండో షరతు విని నవ్వుకున్నాం గానీ, మన ప్రాంతంలో అది నిజంగా చెప్పి తీరాల్సిన మాట. ఆప్యాయత పొంగితే మేకపిల్లనో పందెం పుంజునో చంకలో పెట్టుకుని వచ్చేసే మనుషులున్నారు. పది ఊళ్ల కోళ్ల రైతులు చేరే చోటికి ప్రాణమున్న పుంజును తెస్తే ఏమవుతుందో ల్యాబ్ వాళ్లకు వేరే చెప్పాలా. పుంజుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను: సంక్రాంతి వెళ్లిన వారం మాకు వచ్చే చచ్చిన పుంజుల యజమానులందరిదీ ఒకటే అనుమానం, అవతలివాళ్లు ఏదో పెట్టారని. మేడమ్ గారు ఓపిగ్గా కోసి, ఊపిరితిత్తిలోకి దిగిన కత్తిగాటు చూపించి పంపేవారు.

మూడో షరతు మీద మాత్రం ఆఫీసులో కొంచెం గుసగుసలు నడిచాయి. ప్రొటోకాల్ అన్నారు. మా ల్యాబ్‌లో కళేబరం కాలు ఎత్తి పట్టేది, పొట్ట తెరిచేది, చివర్లో గోతిలో సున్నం చల్లి పూడ్చేది ఆయన. "ఆయన కత్తి ఎక్కడ ఆగిందో చూస్తే సగం జబ్బు అక్కడే తెలిసేది" అనేవారు మేడమ్. కుర్చీ వేశాం. ఫోటోల్లో ఆయనే బాగా పడ్డారు.

తేదీ, వేళ, డబ్బు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 2022 నుంచి 62 ఏళ్లు. సాధారణంగా పుట్టిన నెల ఆఖరి తేదీన దిగిపోతారు. ఆ రోజు సభ పెట్టకండి. ఛార్జి అప్పగింతలు, స్టాకు రిజిస్టర్లు, సంతకాలతో ఆ మనిషికి మంచినీళ్లు తాగే తీరికుండదు. ఒక వారం ముందో వెనకో ఆదివారం చూసుకోండి. ముహూర్తం కంటే వ్యవసాయం చూడండి. సార్వా (ఖరీఫ్ వరి) మాసూళ్లప్పుడు, అంటే నవంబరు, డిసెంబరుల్లో రైతు రాడు. దాళ్వా (రబీ వరి) కోతల ఏప్రిల్లోనూ అంతే. జులై, ఆగస్టుల్లో గోదావరి పోటు మీదుంటే లంక గ్రామాల వాళ్లు పశువులను గట్టెక్కించుకుంటారా, మీ సభకు వస్తారా?

వేళ కూడా పాడిని బట్టి పెట్టాలి. సాయంత్రం సభ అందంగానే ఉంటుంది, లైట్లు వెలుగుతాయి. కానీ గేదెలున్న మనిషి మూడున్నర, నాలుగింటికల్లా కొట్టంలో ఉండాలి. పదిన్నరకు మొదలుపెట్టి ఒంటిగంటకు విస్తళ్లు వేసేయండి. అలా చేస్తే ఆడవాళ్లు కూడా వస్తారు. పాలు పితికేదీ, గేదె మేత మానేసిందని ముందు పసిగట్టేదీ వాళ్లేనని మీకు తెలుసు.

డబ్బు దగ్గర జాగ్రత్త. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాల్లో 14వ నియమం ఇలాంటి సభల గురించే. రిటైరయ్యేటప్పుడు ఆర్భాటం లేకుండా, తెలిసినవాళ్ల మధ్య చేసే వీడ్కోలుకు అభ్యంతరం లేదు. చందా ఇమ్మని ఒత్తిడి చేయడం మాత్రం కుదరదు. రాష్ట్ర ఉద్యోగులకు రాష్ట్రం నియమాలు వేరే ఉంటాయి, మీ సూపరింటెండెంటు గారి దగ్గర కూర్చుని ఒకసారి చదివించుకోండి. ఇక నా సొంత మాట: దాణా కంపెనీలు, మందుల కంపెనీలు "స్టేజీ ఖర్చు మాది" అని వస్తాయి. ఒద్దండీ. ఆ దాణాలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉందో లేదో కోడి కార్జం చూసి రాసిన మనిషికి ఆ కంపెనీ బ్యానరు కింద దండ వేస్తే, రాసిన రిపోర్టులన్నిటి మీదా నీడ పడుతుంది. టెంటు చిన్నదైనా పర్వాలేదు.

రిజిస్టరు తెరవండి

ఇక్కడ తొందరపడొద్దు. సభకు రెండు నెలల ముందే ఈ పని మొదలుపెట్టాలి. ల్యాబ్‌లో ప్రతి నమూనాకూ ఒక నంబరు పడుతుంది. ఏ పశువు, ఏ ఊరు, ఎవరు పంపారు, ఏమని అనుమానం, ఏం తేలింది, ఇవన్నీ ఒక వరుసలో ఉంటాయి. అది ప్రభుత్వ దస్తావేజు కాబట్టి పై అధికారి అనుమతి కాగితం మీద తీసుకోండి, ఫోన్లో ఫోటోలు తీసి వాట్సాప్‌లో తిప్పకండి. నోటుపుస్తకం పెట్టుకుని చేత్తో రాసుకోండి.

"ఏమని అనుమానం" గడి, "ఏం తేలింది" గడి పక్కపక్కన పెట్టి చదవండి. రెండూ ఒకటే అయిన వరుసలు వదిలేయండి. వేరువేరుగా ఉన్న చోట ఆగండి. సభలో చెప్పుకోవాల్సిన కథలన్నీ ఆ తేడాలోనే ఉంటాయి.

మాకు దొరికిన ఒకటి చెబుతాను. ఒక లంక ఊళ్లో పాడి గేదె చచ్చిపోయింది. అనుమానం గడిలో "విషప్రయోగం" అని ఉంది. ఆ రెండిళ్ల మధ్య గట్టు తగాదా, పక్కింటివాడే పెట్టాడని స్టేషను దాకా వెళ్లారు. గేదె మెడ కింద గంగడోలు నీరు పట్టి ఉంది, మెడ నరం తాడులా ఉబ్బి ఉంది. మేడమ్ గారు ఆ రెండూ చూసి పొట్ట దగ్గరికి వెళ్లకుండా ముందు రొమ్ము తెరిపించారు. గుండె సంచి నిండా కుళ్లు వాసనతో నీరు, గుండె మీద పెరుగు మీద మీగడలా మందంగా తెట్టు. చేత్తో తడుముకుంటూ వెనక్కి, పొర దాటి రెండో పొట్టలోకి వెళ్లారు. వేళ్ల మధ్య ఒక తీగ ముక్క వచ్చింది. తుప్పు పట్టిన బైండింగ్ వైరు, చిటికెన వేలంత. స్లాబుకు ఇనప ఊచలు కట్టే తీగ. కుళాయి కింద కడిగి, ఏమీ అనకుండా యజమాని అరచేతిలో పెట్టారు. ఆయన కొత్తగా స్లాబు వేయించుకున్న సంగతి ఊరంతటికీ తెలుసు. పక్కింటాయన అక్కడే నిలబడి ఉన్నాడు. కేసు వాపసు తీసుకున్నారు. సభకు ఆ రెండిళ్ల వాళ్లనూ పిలిచాం, ఒకే ఆటోలో వచ్చారు.

రెండోది దొమ్మ, అంటే ఆంత్రాక్స్. రాత్రి మేసిన గేదె తెల్లారేసరికి పొట్ట ఉబ్బి పడి ఉంది. తొలకరి రోజులు, ఊళ్లో అందరూ గొంతువాపే అనుకున్నారు. అక్కడి డాక్టరు గారు పోస్టుమార్టం చేద్దామని కత్తి కూడా సిద్ధం చేసుకుని మేడమ్ గారికి ఫోన్ చేశారు. ఈవిడ అడిగినవి రెండే ప్రశ్నలు. ముక్కులోంచి, వెనకనుంచి రక్తం కారిందా? అది గడ్డకట్టిందా? కారింది, గడ్డకట్టలేదు అన్నారు. "అయితే కత్తి పెట్టొద్దు బాబూ, చెవి కొన నుంచి చుక్క తీసి స్లైడు పంపండి" అన్నారు. ఆ స్లైడుకు రంగు వేసింది నేనే. పాలీక్రోమ్ మిథిలిన్ బ్లూ వేస్తే నీలం కడ్డీల చుట్టూ లేత గులాబీ తొడుగు కనిపిస్తుంది. దాన్నిబట్టే దొమ్మ అని చెబుతారు. కళేబరం కోసి ఉంటే ఆ సూక్ష్మజీవికి గాలి తగిలి గట్టి పెంకు కట్టుకున్న విత్తనాల్లాంటి స్పోర్లుగా మారేది. అవి మట్టిలో దశాబ్దాల తరబడి చావకుండా ఉంటాయి. తోలు ఒలిచే మనుషులకు అంటుకుంటే చేతుల మీద నల్లటి పుండ్లు పడతాయి. ఆ రోజు ఆ కత్తి పెట్టె దాటలేదు కాబట్టి ఆ చేను ఇవాళ్టికీ మేతకు పనికొస్తోంది. ఇది ఎవరికి తెలుసు? ఆ డాక్టరు గారికీ, నాకూ, రిజిస్టరులో ఒక వరుసకూ. సభలో ఆ డాక్టరు గారే లేచి చెప్పారు.

ఇలాంటివి అయిదారు చాలు. వాటిలో డెల్టాకే ప్రత్యేకమైనది ఒకటైనా ఉండాలి. మనకు కాలవలున్నాయి, కాలవల్లో నత్తలున్నాయి. నత్తల పుణ్యమా అని గేదె కార్జంలో జలగలున్నాయి. ముక్కు బుసబుసలాడే గురక జబ్బుకు కారణమైన పురుగు కూడా నత్తలోంచే వస్తుంది. దాన్ని 1933లో గుర్తించి పేరు పెట్టింది మద్రాసులో పనిచేసిన ఎం. ఎ. ఎన్. రావు గారు. ఇలాంటి సంగతి ఒక్కటి చెబితే రైతులు ముందుకు వంగి వింటారు, ఎందుకంటే ఆ గురక వాళ్ల కొట్టంలో విన్నదే.

కేసులు ఎంచుకున్నాక ఫోన్లు చేసి అనుమతి అడగండి. పాడి రైతులు సంతోషంగా ఒప్పుకుంటారు. కోళ్ల ఫారాల వాళ్ల దగ్గర మాత్రం పేరు, ఊరు రెండూ ఎత్తకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి వైపు బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కోడి మాంసం రేటు ఏమైందో, జబ్బు లేని ఫారాలు కూడా ఎంత నలిగిపోయాయో ఇక్కడ అందరూ చూశారు. అలాంటి జబ్బు అనుమానం వస్తే మన దగ్గర పెట్టె తెరవం. నమూనా భోపాల్‌లోని హై సెక్యూరిటీ సంస్థకు వెళ్లాల్సిందే, పేరు చెప్పాల్సిందీ వాళ్లే. ఆ నమూనా ఎవరు తీశారు, తెల్ల సూట్ల లోపల చెమటతో ఎంతసేపు ఉన్నారు అన్నది మాత్రం సభలో చెప్పొచ్చు.

కాలం చెప్పండి, ఏళ్లు లెక్కపెట్టకండి

"ముప్పై అయిదు వసంతాల సుదీర్ఘ సేవ" అంటే ఎవరికీ ఏమీ అందదు. ఆ ఏళ్లలో పశువుల లోకంలో ఏం జరిగిందో చెప్పండి. ఇప్పుడు రిటైరవుతున్నవాళ్లు ఉద్యోగంలో చేరిన రోజుల్లో, పశువులను మందలకొద్దీ చంపే రిండర్‌పెస్ట్ ఇంకా ఉంది. మన దేశంలో ఆఖరి కేసు 1995లో వచ్చింది. 2011లో ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో జబ్బు అది. ఆఖరి కేసు తర్వాత కూడా ఏళ్ల తరబడి సీరం నమూనాలు తీసి, లేదు, లేదు అని నిరూపిస్తూ కూర్చున్నది మన ల్యాబుల్లోని ఇలాంటి మనుషులే. "లేదు" అని రాయడానికి ఎంత పని చేయాలో బయటివాళ్లకు తెలియదు.

1996 నవంబరు 6 తుఫాను గురించి కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాతి రోజుల్లో పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య కళేబరాల పని చేసినవాళ్లు మీ ల్యాబ్‌లో ఉంటే ఒకరిని మాట్లాడించండి. పెద్దగా మాట్లాడరు. రెండు ముక్కలు చెప్పినా చాలు.

సన్మాన పత్రం

"కరుణామయి, సౌజన్యమూర్తి, నిరాడంబరి" అని బంగారు అక్షరాల్లో అచ్చు వేయించిన పత్రాలు ప్రతి డాక్టరు గారి ఇంట్లోనూ అటక మీద ఉంటాయి. పేరు మార్చి ఎవరికైనా ఇవ్వొచ్చు. మీ పత్రాన్ని పేరు తీసేసి చదివినా ఇది ఫలానా ఆవిడదేనని తెలియాలి. మేం రాసుకున్నది కొంత ఇక్కడ ఇస్తున్నాను, పద్ధతి తెలుస్తుందని.

"అమ్మా, మీరు రాకముందు మేం కార్జం ముక్కను ఉప్పు డబ్బాలోనూ, పాలిథిన్ కవర్లోనూ పెట్టి పంపేవాళ్లం. మూడో రోజుకు అది కుళ్లి మీ బల్ల మీదకు వచ్చేది. మీరు తిట్టలేదు. మండల మండలానికీ వచ్చి, ముక్క సెంటీమీటరు మందం మించకూడదనీ, దానికి పది రెట్లు ఫార్మలిన్ ఉండాలనీ, కల్చర్‌కి (సూక్ష్మజీవిని పెంచి చూడటానికి) పంపేది మాత్రం ఫార్మలిన్‌లో వేయకుండా ఐసులో పెట్టాలనీ చేసి చూపించారు. కళేబరం కుళ్లిపోతే పొడుగు ఎముక ఒకటి పంపండి, మూలుగలోంచి గొంతువాపు పట్టుకుంటాను అన్నారు. పట్టుకున్నారు కూడా. పండగ రోజు వచ్చిన పెట్టెను కూడా రేపు చూద్దాం అని పక్కన పెట్టలేదు."

పద్యాలు కూడా వస్తాయి, తప్పదు. మన జిల్లాల్లో రిటైరైన తెలుగు మాస్టారు లేని సన్మాన సభ ఉండదు. ఆయన పంచరత్నాలు పట్టుకొస్తారు. అడ్డం చెప్పకండి, ముందే సమాచారం ఇవ్వండి. మా మాస్టారికి రిజిస్టరులోని నాలుగు కేసులు రాసిస్తే కార్జపు జలగను సీస పద్యంలో ఇరికించారు. సభలో ఎక్కువ చప్పట్లు దానికే.

మైక్రోస్కోపు బల్ల

ఇది తప్పకుండా పెట్టండి. వేదికకు పక్కగా, భోజనాలకు దూరంగా ఒక బల్ల, దాని మీద మైక్రోస్కోపు, పక్కన ఓపికున్న టెక్నీషియన్. రంగు వేసి, మూత గాజు అతికించి, పూర్తిగా ఆరిన పాత స్లైడ్లే పెట్టాలి. ఫార్మలిన్ సీసాల్లోని అవయవాలు ల్యాబ్‌లోనే ఉండనివ్వండి. పిల్లలు మూతలు తీస్తారు, పెద్దలకు అన్నం సయించదు.

గొంతువాపు స్మియర్, అంటే గాజు మీద పలచగా పూసిన రక్తం, ఒకటి. రెండు చివర్లా రంగు పట్టి, మధ్యలో ఖాళీగా కనిపించే పాస్చురెల్లా, ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి. క్యార్మిన్ రంగు వేసి గాజు మీదకు ఎక్కించిన కార్జపు జలగ ఒకటి, దీనికి భూతద్దం చాలు. పిచ్చికుక్క కాటుతో పోయిన పశువు మెదడు స్లైడు మీ దగ్గర పాతది ఉంటే అదీ పెట్టండి. నాడీ కణం లోపల ఎర్రటి చుక్కలు, నెగ్రి బాడీలు. 1903లో అడెల్కి నెగ్రి అనే ఇటలీ ఆయన చూసినవి. ఇప్పుడు రేబీస్ నిర్ధారణకు వేరే మంచి పరీక్షలు వచ్చాయి, అయినా ఆ చుక్క కళ్లతో చూసిన మనిషి కుక్క కరిస్తే పసరు మందు కోసం వెళ్లడని నా నమ్మకం.

మా సభలో ఆ బల్ల దగ్గర క్యూ కట్టారు. ఒక పెద్దావిడ కన్ను ఆనించి చాలాసేపు చూసి, "ఇంత చిన్నదానికా మా గేదె పోయింది?" అని, వెనక్కి తిరిగి మేడమ్ గారిని చూసి, "ఇవి చూస్తూ కూర్చుంటే నీ కళ్లు ఏం కావాలి తల్లీ" అంది.

ఏం ఇవ్వాలి

చీర పెట్టాలనుకుంటే మన బండారులంక నేతో, ఉప్పాడ జామ్దానీయో పెట్టండి. దంపతులను కూర్చోబెట్టి ఇవ్వండి. ఆవిడ బట్టల ఫార్మలిన్ వాసన ఇన్నేళ్లు భరించింది ఆ ఇంటాయనే. దండలు కడియం నుంచి తెప్పించుకుంటే చవక, తాజాగా ఉంటాయి. జున్నుపాలు తెస్తామని రైతులు అంటే వద్దనకండి, మేడమ్ గారికి అన్నిటికంటే నచ్చింది అదే.

పోస్టుమార్టం కత్తిని జ్ఞాపికగా ఇద్దామని మావాళ్లు ముచ్చట పడ్డారు. నూరి నూరి ఆకులా సగానికి అరిగిపోయింది, పిడికి మేడమ్ గారి బొటనవేలి గుంట పడింది. కానీ అది స్టాకు రిజిస్టరులో ఉన్న ప్రభుత్వ వస్తువు, మనం ఇవ్వలేం. మంచి ఫోటోగ్రాఫరుతో దగ్గరగా ఫోటో తీయించి ఫ్రేము కట్టించాం.

అసలు బహుమతి మాత్రం స్లైడ్లు సర్దిపెట్టడం. పాథాలజిస్టు జీవితం చెక్కపెట్టెల్లో ఉంటుంది. మన డెల్టా తేమకు లెన్సుల మీదే బూజు వస్తుంది, స్లైడ్ల మీది కాగితం చీటీలు వెండి పురుగుల పాలవుతాయి. హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. మైనపు దిమ్మెలు ఎండాకాలంలో మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కాబట్టి ఆవిడ ఇంకా కుర్చీలో ఉండగానే, సాయంత్రం ఒక గంట చొప్పున, పెట్టె పెట్టే తీసి ఆవిడతోనే చెప్పించుకుంటూ జాబితా రాయండి. నంబరు డైమండ్ పెన్సిల్‌తో గాజు మీదే చెక్కండి. రంగు పోయినవాటికి పాత దిమ్మె ఉంటే మళ్లీ నాలుగైదు మైక్రాన్ల పొర కోసి కొత్త స్లైడు చేయండి. ఆవిడ "ఇది చూడవయ్యా, దీన్ని క్షయ అనుకుంటారు, కాదు" అంటూ చెప్పే మాటలు ఫోన్లో రికార్డు చేసుకోండి. రిపోర్టులో రాయని తెలివంతా అందులో ఉంటుంది. తర్వాత వచ్చే డాక్టరు గారికి ఈ జాబితా ఏ పుస్తకంలోనూ దొరకదు.

పశువైద్య కళాశాలలో ఆవిడ పేరు మీద పాథాలజీ బహుమతి పెట్టాలని శిష్యులు అనుకుంటే మంచిదే, కానీ యూనివర్సిటీ నిబంధనలు కనుక్కోకుండా సభలో ప్రకటించేయకండి.

సభ నడిపించడం

ముఖ్య అతిథి కోసం ఆగకండి. నేను వెళ్లిన ఒక వీడ్కోలు సభలో అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, కాగితం చూసి కూడా డాక్టరు గారిని "ఎక్స్‌రే నిపుణులు" అన్నారు. అప్పటికి రైతులు సగం మంది పాలవేళకు వెళ్లిపోయారు. పదిన్నర అంటే పదిన్నరకు దీపం వెలిగించి, రైతులతో మొదలుపెట్టండి. తర్వాత ఊళ్లలోని డాక్టర్లు, గోపాలమిత్రలు (ఊళ్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసేవాళ్లు). నమూనాల పెట్టెలు తెచ్చిన బస్సు కండక్టర్లను ఒకరిద్దరిని పిలవగలిగితే పిలవండి. థర్మాకోల్ పెట్టె కారుతుంటే ప్రయాణికుల తిట్లు తిన్నది వాళ్లే. అధికారులూ నాయకులూ చివర. వాళ్లకు అప్పటికి చెప్పడానికి విషయం కూడా దొరుకుతుంది.

రైతు మైకు ముందు బిగుసుకుపోతాడు. ఉపన్యాసం అడగొద్దు. యాంకరు పక్కన నిలబడి, ఏ పశువండీ, ఏమనుకున్నారు, ల్యాబ్ ఏమంది, తర్వాత మీరేం చేశారు అని అడుగుతూ పోతే అతనే చెప్పేస్తాడు.

ఆఖరున మైకు డాక్టరు గారికి ఇచ్చేటప్పుడు, తేలని కేసు ఒకటి చెప్పమని అడగండి. గన్నవరం కాలేజీ నుంచి విద్యార్థులు వస్తే ముందు వరసలో కూర్చోబెట్టండి. మా మేడమ్ గారు ఒక బాతుల మంద గురించి చెప్పారు. కోసిన చేలల్లో మేపుకుంటూ కొల్లేరు వైపు నుంచి వచ్చిన మంద, రెండు రోజుల్లో పలచబడిపోయింది. బాతుల ప్లేగు అనుకున్నారు, దాని గుర్తులు కనపడలేదు. పురుగుమందు అనుకున్నారు, అదీ దొరకలేదు. "నిర్ధారణ కాలేదు అని రాసి సంతకం పెట్టాను. ఆ ముక్కల దిమ్మెలు మూడో బీరువాలో ఉన్నాయి, మీలో ఎవరికైనా ఓపికుంటే చూడండి" అన్నారు. సభ అయ్యాక ఇద్దరు పిల్లలు నా దగ్గరికొచ్చి బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందని అడిగారు.

భోజనాలు

పులిహోర, పనసపొట్టు కూర, గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, బూరెలు, గడ్డ పెరుగు. వంటవాళ్లకు మీరు కొత్తగా చెప్పేదేముంది. ఆకులు అరిటాకులే వేయించండి, ప్లాస్టిక్ పూత ఉన్న పేపరు ప్లేట్లు వద్దు.

మిగిలిన అన్నం విషయంలో మాత్రం ఒక మనిషిని కాపలా పెట్టండి. పారేయడం ఎందుకని ఎవరో ఒకరు గోలెంలో వేసి గేదెలకు పెట్టేస్తారు. ఉడికిన అన్నం ఒక్కసారిగా ఎక్కువ తింటే గేదె పొట్టలో పులిసి, ఆమ్లం పెరిగి, ఒక రోజులో పడిపోతుంది. దండల దారాలు, క్యారీ బ్యాగులు పొట్టలో ఉండలు కట్టి ఏళ్ల తరబడి బాధిస్తాయి. మిగిలింది హాస్టలుకు పంపండి, లేదా గొయ్యి తీసి వేయండి. దండలకు దారం తీసి కంపోస్టులో వేయండి. సోమవారం పొద్దున కొత్త డాక్టరు గారు ఛార్జి తీసుకుంటారు, ఆయన మొదటి పోస్టుమార్టం మన బూరెల పుణ్యమా అని రాకూడదు కదండీ.